తాతయ్య వంకపెట్టిన కూరలు

పెళ్ళయి నేను కాపురానికి వచ్చిన ఇల్లు ఒక లాండ్రీ పైన ఉండేది. కింద రోజంతా ఇస్త్రీ ఆవిరి లేస్తూనే ఉండేది. ఆ వేడి మెట్ల మీదుగా నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చేది కాబట్టి చలికాలంలో మా గదులకంటే మా మెట్లే వెచ్చగా ఉండేవి. అందుకే ఆ భవనంలో కబుర్లన్నీ మెట్ల మీదే. పాలు తేవడానికి దిగిన మనిషి తిరిగి ఇల్లు చేరేసరికి ఇంట్లోవాళ్ళు కాఫీ సంగతి మర్చిపోయి ఎవరి పనుల్లో వాళ్ళు పడేవారు. ఇప్పుడా భవనం లేదు. కానీ ఉతికిన గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిన వాసన ఎక్కడ తగిలినా నా కాళ్ళు ఇప్పటికీ మెట్ల కోసం వెతుక్కుంటాయి.

మా అత్తయ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయింది. బతుకంతా ఎవరి లైను ఎవరికి కలపాలో చూసిన మనిషి, ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఆమెది ఫోనుకి అలవాటు పడ్డ గొంతు. అరిచినట్టే ఉండదు, కానీ మూడో అంతస్తులో మా గుమ్మం ముందు నిలబడి మాట్లాడితే కింద లాండ్రీ మావయ్య తలెత్తేవాడు. భవనంలో పెద్దా చిన్నా అందరికీ ఆమె అత్తయ్యే.

మా కింది వాటాలో బస్సు కండక్టర్ కాపురం. ఆయన్ని నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన భార్యని వదినా అనేదాన్ని. వాళ్ళతోపాటు అన్నయ్య వాళ్ళ నాన్న. ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో తల నెరిసినవాడు. కొడుకు టికెట్లు కొడతాడు, తండ్రి ఫైన్లు కొడతాడు అని లాండ్రీ మావయ్య నవ్వేవాడు. ఆయన చెవిన పడకుండా అందరూ ఆయన్ని ఫైన్ తాతయ్య అనేవారు. మెట్ల మీద గొడుగు ఆరబెడితే తప్పు. తలుపు గట్టిగా వేస్తే తప్పు. మెల్లగా వేస్తే, "దొంగతనానికి వచ్చావా, అంత మెల్లగా వేస్తున్నావ్?" అనేవాడు.

ఆ చలికాలం వదినకి నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. బతికింది గానీ, బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని లాండ్రీ మావయ్యది, రోజూ పొద్దున్నే బండి వేసుకుని అక్కడికి వెళ్ళేవాడు. ఆయనే వచ్చి చెప్పాడు. "గాజుపెట్టెలో పెట్టారమ్మా. మన రొట్టె ముక్క ఎంతుంటుందో అంతుంది. నేను చూడలేక బయటికి వచ్చేశా" అని చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. వదిన అక్కడే ఉండిపోయింది. అన్నయ్య డ్యూటీ దిగగానే అక్కడికే పోయేవాడు. వరండాలో బల్ల మీద నడుం వాల్చి, పొద్దున్నే అక్కడి నుంచే మళ్ళీ బస్సెక్కేవాడు.

ఆ సాయంత్రమే అత్తయ్య మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"అందరూ వినండమ్మా. పిల్ల ఇంటికొచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. రాత్రి భోజనం మనం పంపాలి. ఇంటికో రోజు. చీకటి పడకముందే వేడివేడిగా వాళ్ళ గుమ్మంలో ఉండాలి. ఎవరి వంతు ఎప్పుడో నేను చెప్తా."

కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. పై అంతస్తు టైపిస్టు పిన్ని అయితే, "ముందు నా వంతే వదినగారూ" అంటూ ఎగబడింది. ఆవిడ వంటంటే భవనంలో పెద్ద పేరు. ఆ పేరు ఆవిడే పెట్టుకుందని గిట్టనివాళ్ళు అనేవారుగానీ, కూర మాత్రం నిజంగా బాగుండేది.

మొదట్లో అందరం కూడబలుక్కున్నట్టు బంగాళాదుంపలే వండాం. వరసగా బంగాళాదుంపల వేపుడు, బంగాళాదుంపల కూర, మళ్ళీ బంగాళాదుంపలే ఇంకో రంగులో. గిన్నె ఇవ్వడానికి వెళ్ళినవాళ్ళకి తాతయ్య తలుపు సగం తీసి అందుకుని, నిన్నటి ఖాళీ గిన్నెతోపాటు తీర్పు కూడా చేతిలో పెట్టేవాడు. "ఈ భవనంలో ఎవరైనా బంగాళాదుంపల గోదాము పెట్టారా?" అన్నది అందులో మొదటిది.

తర్వాత నా వంతు వచ్చింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదాన్ని. వెంట్రుకంత స్క్రూ బిగించమంటే చెయ్యి వణకదు, కూరలో ఉప్పు వేయమంటే మాత్రం వణుకుతుంది. మా ఆయనకి పేపరాఫీసులో రాత్రి డ్యూటీ, ఏది పెట్టినా సగం నిద్రలో తినేవాడు కనక నా వంట సంగతి అప్పటిదాకా బయటికి పొక్కలేదు. ఆరోజు కాబేజీ కూర చేస్తే అది గరిటెని పట్టుకుని వదల్లేదు. అత్తయ్య మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, "వేడి మీద తీసుకెళ్ళు" అంది.

మర్నాడు గిన్నె తెచ్చుకోవడానికి వెళ్తే తాతయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమ్మాయ్, అది కూరా, గోడలకి పోస్టర్లు అంటించేదా?"

అలా అంటూండగానే ఆయన కళ్ళజోడు ముక్కు మీంచి జారింది. ఒక కాడ వదులైపోయి దారంతో కట్టి ఉంది. నా సంచిలో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. గుమ్మంలోనే నిలబడి దారం కోసేసి స్క్రూ బిగించి ఇచ్చాను. ఆయన పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. థాంక్స్ అనే మాట ఆయన నోట రాలేదు. "నీకు వచ్చిన పని ఇదన్నమాట" అని తలుపేసుకున్నాడు. మెట్లెక్కుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

అందరూ నాలా నవ్వుకోలేదు. లెక్కల మాస్టారి భార్య కూర నీళ్ళట. టైపిస్టు పిన్ని కూర బాగానే ఉందిగానీ, "గిన్నె చిన్నది, మనసు కూడా అంతే కాబోలు" అన్నాడట. పిన్ని మొహం కందగడ్డలా చేసుకుని తిరిగింది.

అలా రోజులు గడుస్తుండగా ఒక పొద్దున లాండ్రీ మావయ్య ఆసుపత్రి నుంచి వచ్చి, మెట్ల మొదట్లో బండి తాళం తిప్పుకుంటూ ఊరికే అన్నట్టు అన్నాడు. "మన కండక్టర్ అబ్బాయి క్యాంటీన్లో బన్ను టీలో ముంచుకుని తింటున్నాడు. మన గిన్నెల సంగతి అడిగితే, అవన్నీ నాన్నకే మావయ్యా, నేను ఇంట్లో తినేదెక్కడ అన్నాడు."

సాయంత్రానికి ఆ మాట నాలుగు అంతస్తులూ ఎక్కింది. టైపిస్టు పిన్ని ఒంటికాలి మీద లేచింది.

"పొద్దస్తమానం మిషను ముందు వేళ్ళు అరగ్గొట్టుకుని వచ్చి పొయ్యి ముందు నిలబడేది ఎవరికోసం? ఆ పిల్ల తల్లి కోసం అనుకున్నా. ఈయనకోసమా? టికెట్ ఇంకో సంచిలో ఉంది బాబూ, తీస్తానంటే వినకుండా అందరిముందూ నాకు ఫైన్ వేసిన మనిషి! ఆయన మేపుకోసమా మనం వంటలు చేస్తున్నది?"

"మానేద్దాం. లేదా గిన్నెలు ఆసుపత్రికే పంపుదాం" అంది మాస్టారి భార్య.

అత్తయ్య మొహం చిన్నబోవడం నేను మొదటిసారి చూశాను. చివరికి, "ఆదివారం వెళ్ళి వాళ్ళనే అడిగొస్తా. అప్పటిదాకా ఎవరూ మానకండి" అని లోపలికి వచ్చేసింది.

ఆదివారం అత్తయ్యా నేనూ బస్సెక్కాం. ఊరి ఆ చివర ఆసుపత్రి. వరండాలో పొడుగాటి బల్ల మీద అన్నయ్య టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. అత్తయ్య తెచ్చిన గిన్నె మూత తీసి చేతికిస్తే రెండు ముద్దలు తిని ఆపేశాడు.

"బాగుందత్తయ్యా. బాగుందనే అనుకుంటున్నా. నాకు రుచి తెలీట్లేదు."

అత్తయ్య డొంకతిరుగుడు లేకుండా అడిగేసింది. "మేం పంపేది నీకూ అందక, అమ్మాయికీ అందక, ఇక ఎందుకు నాయనా? నిజం చెప్పు. మానేయమంటావా?"

అన్నయ్య గాభరాగా లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మానకండి అత్తయ్యా! అదొక్కటే నాకున్న ధైర్యం." గొంతు తగ్గించాడు. "పోయిన ఏడాది నాన్న స్నానాల గదిలో జారిపడ్డాడు. నేను డ్యూటీలో, మా ఆవిడ ఊళ్ళో లేదు. నేను వచ్చేదాకా ఆ నేల మీదే పడున్నాడు. గొంతెత్తితే మీలో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవారు. పిలవలేదు. పిలిస్తే పరువు పోతుందట. మిమ్మల్ని ఓసారి వచ్చి చూసి వెళ్తుండమని నేను అడిగి ఉంటే, నేనేం పసిపిల్లాణ్ణా అని నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టేవాడు. ఇప్పుడు కూర అందుకోవడం ఆయన డ్యూటీ అనుకుంటున్నాడు. రోజూ తలుపు తీస్తున్నాడు. తీసినప్పుడల్లా మీలో ఎవరో ఆయన్ని చూస్తున్నారు."

"చూడటమేమిటి, తిట్లు తింటున్నాం" అన్నాను నేను నోరు జారి.

అన్నయ్య నవ్వాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో, పెదవి పగిలి నెత్తురు చుక్క కనిపించింది. "అదే చెల్లెమ్మా! పొద్దున్నే మావయ్య బండి వస్తుందా, నిన్న ఎవర్ని తిట్టాడని అడుగుతా. తిట్టాడంటే బాగున్నట్టే. ఇక ఆ రోజంతా నేను పిల్ల గురించే బెంగపెట్టుకోవచ్చు."

అంతలో వదిన వార్డులోంచి వచ్చింది. మనిషి సగమైంది. జుట్టు చిక్కులు కట్టి ఒకపక్కకి అణిగిపోయి ఉంది. అత్తయ్య దగ్గరికి తీసుకుని, "నీకేం పంపమంటావే తల్లీ? లోపలికి ఏం తిననిస్తారు?" అంది.

"తిండి ఇక్కడ పెడుతున్నారత్తయ్యా" అంది వదిన. తర్వాత ఏదో తెగించినట్టు, "నాకేం కావాలో ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. అడిగారు కాబట్టి చెప్తున్నా, ఏమీ అనుకోకండి. ఒక మంచి దువ్వెన కావాలి. ఉతికిన బట్టలు కావాలి. సాయంత్రం పూట ఎవరైనా వచ్చి ఆ గాజు ముందు కాసేపు కూర్చుంటే కళ్ళు మూసుకుంటా. నేను నిద్రపోతే పిల్ల ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. ఎవరో ఒకరు చూస్తూ ఉంటే చాలు" అంది.

అత్తయ్య అప్పటికప్పుడు తన సంచిలోంచి దువ్వెన తీసి, ఆ బల్ల మీదే కూర్చోబెట్టి, చిక్కు తీయడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. వదిన తల అత్తయ్య మోకాలికి ఆనించి కూర్చున్న చోటే నిద్రపోయింది. ఆమె లేచేదాకా నేను గాజుపెట్టె ముందు నిలబడ్డాను. అంత చిన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నిద్రలో కూడా నుదురు చిట్లించుకునే ఉంది, అచ్చం తాతయ్యలా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ, "ఇన్నేళ్ళూ అవతలివాళ్ళు అడిగిన నంబరే కలిపానే. ఈసారి అడక్కుండానే కలిపేశాను" అంది.

"అయితే మనం చేసిందంతా వృథా అంటారా?"

"ఆ అమ్మాయికి వృథానే. ముసలాయనకి కాదు." అంటూనే ఆమెకే నవ్వొచ్చింది. "రాంగ్ నంబరే. కానీ అవతల మనిషి ఉన్నాడు."

మెట్ల మీద అత్తయ్య అన్నీ దాచకుండా చెప్పింది. తాతయ్య పడిపోయిన సంగతి విన్నాక అందరూ కింది వాటా తలుపు వైపు చూశారు. స్నానాల గది పైప్ చప్పుడు కూడా అందరికీ వినిపించే భవనం అది. ముందుగా తేరుకున్నది టైపిస్టు పిన్నే. "ఆయనకి వండటం నావల్ల కాదు వదినగారూ, అబద్ధమెందుకు. ఆసుపత్రికి నేను వెళ్తా. మా ఆఫీసు దారిలోనే" అంది. అప్పటినుంచీ సాయంత్రాలు ఆ గాజుపెట్టె ముందు కూర్చున్నది ఆవిడే. పిల్ల ఎంత బరువు పెరిగిందో డాక్టర్లకంటే ముందు మాకు చెప్పేది. పిల్ల ఆవలిస్తే కూడా మెట్లెక్కుతూ అందరి తలుపులూ తట్టి చెప్పేది.

వంట మిగిలినవాళ్ళం చూసుకున్నాం. ఇప్పుడు తిట్లకి ఎవరికీ కోపం రాలేదు, పైగా పోటీ వచ్చింది. "ఇవాళ నా కూరకి ఏమన్నాడో తెలుసా?" అని మెట్ల మీద చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మంచి తిట్టయితే లాండ్రీ మావయ్య దాన్ని మాట పోకుండా రెండుసార్లు వల్లెవేసుకుని మరీ ఆసుపత్రికి మోసుకెళ్ళేవాడు. నా జీవితంలో అంత సందడైన చలికాలం మళ్ళీ రాలేదు. కిటికీల బయట మంచు, లోపల ఆవిరి, చేతిలో వేడి గిన్నె, ఏం అనిపించుకుంటానో అన్న గుబులు.

ఒక సాయంత్రం మళ్ళీ నా వంతు. గుమ్మడికాయ కూర అడుగంటింది. మాడు వాసన దాచడానికి ఇంకేదో వేస్తే అది మరో వాసన వచ్చింది. గిన్నె పట్టుకుని వెళ్ళి, తిట్టుకి సిద్ధపడి నిలబడ్డాను. తాతయ్య తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మూత ఎత్తి వాసన చూశాడు.

"బాగుందమ్మా" అన్నాడు. "నీ చేతి వంట బాగుంటుంది."

తిట్టు రాకపోయేసరికి నాకు భయమేసింది. గిన్నె అక్కడే పెట్టి చెయ్యి పట్టుకు చూశాను. కాలిపోతోంది. "అత్తయ్యా!" అని నేను వేసిన కేకకి భవనంలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అత్తయ్య పరుగున దిగింది. మా ఆయన నిద్రకళ్ళతోనే డాక్టరు కోసం పరిగెత్తాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు డాక్టరు.

అన్నయ్యకి ఉన్నదున్నట్టు కబురు పంపాం. పడుతూ లేస్తూ వచ్చాడు. మంచం పక్కన అత్తయ్య, పొయ్యి దగ్గర మాస్టారి భార్య, గుమ్మంలో మందులతో లాండ్రీ మావయ్య కనిపించారు. ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే టైపిస్టు పిన్ని తాతయ్య కాళ్ళకి దుప్పటి సర్దుతోంది. ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

"నువ్వా? టికెట్ ఉందా?" అన్నాడు.

"ఇంకో సంచిలో ఉంది" అంది పిన్ని.

అన్నయ్య గోడకి ఆనుకుని నవ్వాడో ఏడ్చాడో ఇప్పటికీ చెప్పలేను. కాసేపు తండ్రి దగ్గర కూర్చుని, తిరిగి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

తాతయ్య కోలుకున్నాడు. చలి విరిగాక పిల్ల ఇంటికి వచ్చింది. ఆరోజు మెట్ల మీద నిలబడటానికి చోటు లేదు. లాండ్రీ మావయ్య ఆవిరి యంత్రం ఆపేసి వచ్చాడు. పిల్లని తాతయ్య చేతుల్లో పెడితే కళ్ళజోడు సర్దుకుని, చిన్న పిడికిలి విప్పి లోపల చూశాడు. "టికెట్ ఏమీ లేదు. అయినా పోనీ, కూర్చోనిద్దాం" అన్నాడు. ఆయన ఎవర్నైనా ఫైన్ వేయకుండా వదలడం మేం చూడటం అదే మొదలు.

తర్వాత కొన్నాళ్ళకి వదినే మా ఇంటికి వచ్చింది.

"ఇక చాలత్తయ్యా. మీ రుణం మాటల్లో తీరేది కాదు. కానీ నా వంటింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో కూడా మర్చిపోయాను. నా ఇంట్లో నన్ను వండుకోనివ్వండి. మా మామగారి తిట్లు ఇక నేను తింటా."

అత్తయ్య నవ్వుతూ సరే అంది. మంచిమాట, ఇలా అడిగితే నాకు తెలుస్తుంది అంది. నేనూ నవ్వాను, కానీ లోపల ఏదో వెలితి.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి, చూసుకోకుండా నా వంతు రోజుల్లోలాగే ఎక్కువ వండేశాను. గిన్నెలో సర్ది మూత పెట్టాక గానీ గుర్తు రాలేదు. ఏం చేయాలో తోచక గుమ్మంలోకి వచ్చాను. పై మెట్టు మీద మాస్టారి భార్య నిలబడి ఉంది. కింద లాండ్రీ మావయ్య చేతులు తుడుచుకుంటూ పైకి చూస్తున్నాడు. టైపిస్టు పిన్ని హ్యాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే మధ్యలో ఆగిపోయింది. కింది వాటాలో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. పులుసులో పులుపెక్కడ అని తాతయ్య అరుస్తున్నాడు. వదిన గొంతు ఏదో ఎదురు చెబుతోంది. వెళ్ళాల్సిన చోటు ఎవరికీ లేదు. ఎవరూ లోపలికి పోలేదు. ఆవిరి మెల్లగా పైకెక్కుతుంటే దీపాలు వేసేదాకా అలాగే నిలబడి కబుర్లాడుకున్నాం.